గడప మీద నేల లెక్క

రోజు 1. నేల లెక్క 30.

ఈ పుస్తకంలో అంకెలు తప్ప మరేమీ రాయకూడదని కూర్మారావు బావ అంటాడు. పదకొండేళ్ళుగా అంటూనే ఉన్నాడు, పదకొండేళ్ళుగా నేను రాస్తూనే ఉన్నాను. కొలిమి ఆయనది, గేటు నాది. గేటు దగ్గర పొద్దస్తమానం ఒక్కదాన్నే కూర్చుంటాను. అంకెలతో కబుర్లు చెప్పుకోవడం నాకు చేతకాదు.

ఇవాళ మూడు పడవలు వచ్చాయి, మూడూ మునిగిన నగరం నుంచే. మొదటిదాంట్లో లిఫ్టు పెట్టెలు, మెట్ల కమ్మీలు. రెండోదాంట్లో ఓడ రేకులు. మూడోదాంట్లో ఆసుపత్రి మంచాలు, వాటి మధ్య గుమ్మడికాయంత ఇనుప గుండు ఒకటి, మందంగా సీసం తొడుగుతో. నీళ్ళలో మునిగి ఇనుము తీసేవాళ్ళు నలుగురు కలిసి దాన్ని లేపారట. లెక్క 34. పాస్. సీసం ఉంటే మంచిదే, కొలిమిలో అది ముందే కరిగి అడుగు కన్నంలోంచి విడిగా దిగిపోతుంది.

నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్ళ కోసం ఒక్కసారి రాసి పెడతాను. ఏ ఇనుమూ దగ్గర లేకపోయినా నేల, గాలి, రాయి కలిసి, కంటికి కనపడని కిరణాల్ని పట్టే మీటరు చేత నిమిషానికి ముప్పై దాకా చిటుకులు పలికిస్తాయి. అదే నేల లెక్క. పొద్దున్నే గేటు గదిలో అడుగుపెట్టే ముందు మీటరుని గడప మీద పెట్టి ఆ లెక్క తీసుకోవాలి. ఆ రోజు ఏ సరుకైనా దానికి రెట్టింపు దాటితే మైల ఇనుము, వెనక్కి తిప్పాలి. దాటకపోతే పాస్. నా ముందు ఇక్కడ పనిచేసిన సన్యాసి తాత నాకు నేర్పిన చదువంతా ఇంతే.

రేపు కొత్త కొలిమికి తొలి పోత. అలల కరెంటుతో నడుస్తుంది, వానాకాలంలో కూడా ఆగదట. బావ వారం నుంచి సరిగ్గా తిండి తినడం లేదు. అరవై ఏళ్ళ మనిషికి పెళ్ళికొడుకు కళ వచ్చింది.


రోజు 6. నేల లెక్క 30.

తొలి పోత ఇనుముతో మూడు వస్తువులు చేయించడం మా కొలిమిపేట ఆచారం. గేటుకి గడప, ఊరికి గంట, ఆ నెలలో పుట్టే మొదటి బిడ్డకి ఉయ్యాల. ఇవాళ గడప వచ్చింది. నలుగురు మోసుకొచ్చారు, బావ ముందు నడిచాడు. తుప్పు తిన్న పాత గడప తీసేసి దీన్ని దించారు. నున్నగా, నల్లగా, మూరెడు వెడల్పుంది. నేను పసుపు రాసి బొట్లు పెట్టాను.

అలవాటుగా మీటరు చేతిలోకి తీసుకున్నాను. బావకి కోపం వచ్చింది.

"ఏటే దాలమ్మా, కొలిమిలోంచొచ్చినదానికి మీటరేటి? బయట్నించొచ్చినదానికి పెట్టుకో, నాను కాదన్ను. నిప్పులో పడ్డాక మైలుంటాదేటి?"

"సరదాకి తీసినాను బావా, కోప్పడకు."

"సరదాకి పెట్టకు. కన్నతల్లిని అనుమానించినట్టుంటాది."

నిజమే అనిపించింది. చిన్నప్పటి నుంచీ విన్న మాటే. పురుడైనా, చావైనా, ఏ మైలైనా నిప్పు దగ్గరికొస్తే పోతుందనే మేం నమ్ముతాం. మీటరు సంచిలో పెట్టేశాను. గడప మీద కూర్చుని కొబ్బరి ముక్క తిన్నాను. చల్లగా, హాయిగా ఉంది. మధ్యాహ్నం నుంచి వాన పట్టుకుంది.


రోజు 7. నేల లెక్క 102.

మూడుసార్లు తీశాను. 102, 99, 102. సన్యాసి తాత పాత పుస్తకం తీసి చూశాను. వాన మొదలైతే నేల లెక్క పెరుగుతుంది, కంగారుపడకు, ఆకాశంలో ఉన్నది వానతో దిగుతుంది అని రాసిపెట్టాడు. ఆయన చూసిన పెద్ద లెక్క 58. అయితే ఇంత వాన ఆయన చూసి ఉండడు. రాత్రంతా కుండపోతగా కురిసింది. రేవు మెట్లు మూడు మునిగాయి.

కనకానికి నెలలు నిండాయి. నా కూతురికి నా కోపం వచ్చింది కానీ నా ఓపిక రాలేదు. రోజుకి పదిసార్లు, ఎప్పుడమ్మా, ఇంకా ఎప్పుడమ్మా అంటుంది. అల్లుడు లింగరాజు మునిగిన నగరంలో ఇనుము కోసే పనిలో ఉన్నాడు, వాన తగ్గితే కానీ పడవ రాదు.


రోజు 15. నేల లెక్క 101.

ఆడపిల్ల! పొద్దున్న ఎనిమిదింటికి. నెత్తి నిండా జుట్టు, మూతి మాత్రం అచ్చం లింగరాజుదే, ఏం చేస్తాం. ఈ నెలలో పుట్టిన మొదటి బిడ్డ మా బిడ్డే. కాబట్టి ఉయ్యాల మా ఇంటికే.

మధ్యాహ్నం బావ స్వయంగా ఉయ్యాల గేటు దగ్గరికి తెచ్చాడు. నాలుగు పక్కలా సన్నటి కమ్మీలు, తలవైపు చిలుకలు. గేటు దాటి ముద్ర పడేదేదైనా లెక్క చూడాలి, దానికి బావ కూడా కాదనడు, కనుక అంచు మీద మీటరు పెట్టి చూశాను. 195. రెట్టింపు అంటే 202. పాస్. అంచు మీద నా ముద్ర వేశాను. దా అని ఒక్క అక్షరం. ఏ ఊరి రేవులోనైనా కంచం అంచు మీద ఆ అక్షరం చూసి కొనుక్కుంటారు. నా మనవరాలి ఉయ్యాల మీద ఆ అక్షరాన్ని రెండుసార్లు కొట్టాను, ఎప్పటికీ చెరగకుండా.

వానకి తడిసి అన్నీ చిటుకుతున్నాయి. ఏడు తక్కువే కదా అనుకున్నాను.


రోజు 26. నేల లెక్క 100.

కొత్త కొలిమి సరుకు దిగింది. కంచాలు నాలుగు వేలు, గ్లాసులు, చెంబులు, గరిటెలు, మంచం పట్టీలు. రోజంతా సుత్తి పట్టుకుని ముద్రలే ముద్రలు. భుజం లాగేస్తోంది. సగం ఊరికి, సగం దక్షిణాది రేవులకి. బదులుగా గోదారి దిబ్బల నుంచి ధాన్యం పడవలు వస్తాయి. మా బండల్లో గింజ మొలవదు, ఇనుము పోతేనే బియ్యం వస్తుంది.

బిడ్డ బాగుంది. మా ఊళ్ళో మూడో నెలలో పేరు పెడతారు. అప్పటిదాకా కొలిమి ఇచ్చిన ఉయ్యాల్లోంచి బిడ్డని తీసి వేరేచోట పడుకోబెట్టకూడదు. కనకం ఇలాంటివి నాకంటే గట్టిగా పాటిస్తుంది.


రోజు 38. నేల లెక్క 99.

అసిరమ్మ సరుకు వెనక్కి తెచ్చింది. పదిహేనేళ్ళుగా మా కంచాలు రేవు రేవుకీ మోస్తున్న పడవ మనిషి. నోరు దురుసు, చెయ్యి నిజాయితీ. తడి చీరతోనే నా గడప మీద కూలబడి రొప్పింది.

"ఏలమ్మ రేవులో గేటు దాటనివ్వనేదు దాలమ్మా. మైలంట. నలుగుర్లో నా పరువు తీసేసినారు."

"నా ముద్రున్న సరుకునా? ఆళ్ళ మీటరు సెడిపోనాదేమో కనుక్కో!"

"నాకేటి తెలుసు? ఆ గేటు మనిషి కంచాల పెట్టికి మీటరు పెట్టి, నూటరవై అని నా మొకాన అన్నాడు."

నేనూ పెట్టాను. 160. రెట్టింపు 198. పాస్. అంకె వేలితో చూపించాను. అసిరమ్మకి చదవడం రాదు కానీ లెక్క తెలుసు.

"ఆడి నేల లెక్క ఇరవయ్యెనిమిదంట మరి. నీదెందుకు తొంబై తొమ్మిది?"

"ఇక్కడ వాన పడతంది."

"అక్కడ పడదేటి? నాను తడిసినది ఏ వానకి? ఒకటే మబ్బు కదే!"

నోటికొచ్చినట్టు తిట్టాను. నా పదకొండేళ్ళ పనిని ఎవడో కుర్రగేటువాడు తప్పుపడితే దాన్ని నమ్ముకొచ్చావా అన్నాను. అసిరమ్మ లేచి, సరుకు అక్కడే వదిలేసి, తిరిగి చూడకుండా వెళ్ళింది. అది తిరిగి తిట్టకుండా పోవడం ఇదే మొదటిసారి.


రోజు 43. నేల లెక్క 98.

వాన ఆగి నాలుగు రోజులైంది. ఎండ కాస్తోంది. చేపలు కూడా ఎండాయి. లెక్క దిగలేదు.

పొద్దున్నే గేటు మూసి మీటరు తీసుకుని రేవుకి వెళ్ళాను. అసిరమ్మ పడవ మీదే ఉంది. జరిగి చోటిచ్చింది. పడవ చెక్క మీద మీటరు పెట్టాను. 29.

మళ్ళీ పెట్టాను. 29. మెట్ల మీద 29. చేపల దిబ్బ మీద 31. వెనక్కి నడుస్తూ లెక్కపెట్టుకుంటూ వచ్చాను. అసిరమ్మ నా వెనకే వచ్చింది. గేటుకి ఇరవై అడుగుల్లో 38. పది అడుగుల్లో 55. గది ముందు 80. గడప మీద 98.

వాన కాదు. గడప.

తూనికరాయే దొంగదైతే ఎంత జాగ్రత్తగా తూచి ఏం లాభం. ముప్పై ఏడు రోజులుగా మైల ఇనుము మీద మీటరు పెట్టి, దాన్నే శుద్ధమైన నేల అనుకుని, దానికి రెట్టింపు దాకా అన్నిటినీ పాస్ చేశాను. కంచాల పెట్టె 160. నిజం లెక్కలో అరవై దాటగానే దాన్ని ఆపాల్సింది. అప్పుడు గుర్తొచ్చింది, ఉయ్యాల 195.

ఇంటికి పరిగెత్తాను. ఈ వయసులో అంత పరుగు నాకుందని నాకే తెలియదు. కనకం గుమ్మంలో బియ్యం ఏరుతోంది.

"ఇప్పుడే నిద్రపోనాదమ్మా, లేపకు."

లోపలికి వెళ్ళి బిడ్డ తలపక్కన మీటరు పెట్టాను. మూడువందల పది. గేటు దగ్గర పెట్టింది ఒక అంచు మీద, ఇక్కడ నాలుగు పక్కలా ఇనుమే. బిడ్డ నిద్రలో నవ్వుతోంది. ఎత్తుకుని, బయటికి తీసుకొచ్చి, అరుగు మీద చాప పరిచి పడుకోబెట్టాను. కనకం చేట విసిరేసి లేచింది.

"ఏటమ్మా ఇది! పేరెట్టకుండా ఉయ్యాల దింపేత్తావేటి? పిల్లకేటైనా అయితే?"

"అయిపోనాదే."

చెప్పాను. మొత్తం చెప్పాను. నిప్పులో మైల పోతుందనుకుని గడపకి మీటరు పెట్టకపోవడం, వాన అనుకోవడం, ఏడు తక్కువే కదా అనుకోవడం. కనకం ఏడవలేదు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టింది.

"ఇరవయ్యెనిమిది రోజులు. పాలివ్వడానికి తప్ప నాను తియ్యనేదమ్మా. నా మంచం మీద పడుకోబెట్టుకుందామని ఎన్నిసార్లనిపించినాదో. ఆచారమని తియ్యనేదు."

నేను దాని పక్కన కూర్చున్నాను. తల మీద చెయ్యి వేయబోతే తోసేసింది. తోసేసే హక్కు దానికి ఉంది.


రోజు 44. నేల లెక్క 29 (రేవు మెట్ల మీద తీసినది).

పుస్తకం వెనక్కి తిప్పి చూశాను. రోజు 1, మూడో పడవ, సీసం తొడుగున్న గుండు. లెక్క 34. పాస్. సీసం లోపలిదాన్ని దాచేసింది. పాత లోకం వాళ్ళు రోగాలు కాల్చడానికి అలాంటివి ఆసుపత్రుల్లో పెట్టుకునేవారని సన్యాసి తాత ఒకసారి చెప్పాడు. దాన్ని అంత మందపు సీసంలో ఎందుకు పెట్టారో ఆగి ఆలోచించాల్సింది. నేను ఆలోచించింది సీసం విడిగా దక్కడం గురించి.

బావ కొలిమి దగ్గర ఉన్నాడు. ఆయన ముందే కొలిమి గోడకీ, దిమ్మెలకీ, గంటకీ మీటరు పెట్టి చూపించాను. చిటుకుల చప్పుడు వింటూ గోడకి ఆనుకున్నాడు.

"మళ్ళీ కరిగించేత్తే?"

"పోదు బావా. ఇంకా నాలుగింతల ఇనుములోకి పాకుద్ది. అదేటి బూజా, కాలిపోడానికి?"

"మరైతే పదకొండు రోజులాగు. ధాన్యం పడవలు దిగనీ. ఇప్పుడు సెప్తే ఒక్క గింజ కూడా రాదు. ఊళ్ళో ఆరొందల ఇళ్ళున్నాయి. ఆకలి సిటుకు మీటరుకి వినపడదు దాలమ్మా, నీకైనా వినపడాలి."

ఆయన చెడ్డవాడు కాదు. కరువు సంవత్సరం తన ఇంటి గింజలు వీధిలో పోసి పంచిన మనిషి. నేను తల దించుకుని వచ్చేశాను.


రోజు 46. నేల లెక్క 29.

నిన్న ఏమీ రాయలేదు. రాయడానికి సిగ్గేసింది. ఇవాళ రాస్తాను.

నా మనవరాలిని ఉయ్యాల్లోంచి తీసేశాను. మా ఇంటి కంచాలు మూటకట్టి పెరట్లో దూరంగా పెట్టాను. ఊళ్ళో మిగతా పిల్లల్ని వాళ్ళ కంచాల్లోనే తిననిచ్చాను. రెండు రోజులు. ధాన్యం కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. ధాన్యం కోసం కొంత, నా పేరు కోసం కొంత. ఎక్కువ ఏదో నాకు తెలుసు.

ఇవాళ పొద్దున్న పక్కింటి నీలమ్మ బాలింతకని మెంతి జావ కాచి తెచ్చింది. కొత్త గిన్నెలో, చీర కొంగుతో పట్టుకుని. "ఏడిగుంది, తాగే కనకం, పాలు పడతాయి" అని మంచం పక్కన పెట్టి, బిడ్డని ముద్దాడి వెళ్ళింది. కనకం గిన్నె అంచు మీద ముద్ర చూసింది. నా వైపు చూసింది.

"ఇదీ అలాంటిదేనా?"

"అలాంటిదే."

"నీలమ్మొదినకి సెప్పినావా?"

"నేదు."

"మన గుంటొక్కత్తే పిల్లేటమ్మా?"

జావ చెట్టు మొదట్లో పారబోసింది. నేను చెప్పులు వేసుకుని నేరుగా, అన్ని రేవులకీ మాట చేరవేసే రేడియో గదికి వెళ్ళాను. బావకి ఎవరు చెప్పారో, గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"దాలమ్మా, నీ పేరు సచ్చిపోద్దే. కొత్తదేదో పాతదేదో జనానికి తెల్దు. పదకొండేళ్ళ సరుకంతా పారేత్తారు."

"పారెయ్యనీ బావా."

అడ్డు తప్పుకున్నాడు. తలుపు తోసి నాకు దారిచ్చి, తనే రేడియో మీట నొక్కాడు. నేను మాట్లాడింది ఇది, మాట మారకుండా రాస్తున్నాను:

"అన్ని రేవుల వాళ్ళూ ఇనండి. నాను కొలిమిపేట గేటు దాలమ్మని. అంచు మీద దా అని ముద్రున్న కంచం, సెంబు, గరిటె, మంచం పట్టీ, ఏటున్నా సరే, ఇంట్లోంచి తీసి మనుషులు తిరగనిసోట పెట్టండి. అమ్మకండి. కరిగించకండి. పొయ్యిలో ఏత్తే పోదు. ముట్టుకున్నందుకు సచ్చిపోరు, బెంబేలు పడకండి, కానీ పక్కలో పెట్టుకోకండి. ఏలమ్మ రేవు గేటు బాబు సెప్పినదే నిజం. నా లెక్క తప్పు. ముద్రేసినది నానే."

ఊళ్ళో చెప్పాలంటే గంట కొట్టాలి. గంట కొడితే ఊరంతా పిల్లల్నెత్తుకుని గంట చుట్టూ చేరుతుంది. అదీ తొలి పోతదే. అందుకని కొట్టొద్దన్నాను. ఇంటింటికీ నడిచాను. అసిరమ్మ ఒక వీధి, కనకం బిడ్డని వీపుకి కట్టుకుని ఇంకో వీధి. మొదట నీలమ్మ ఇంటికి నేనే వెళ్ళాను. విని, లోపలికి వెళ్ళి, అన్నం తింటున్న ఇద్దరు పిల్లల ముందు నుంచి కంచాలు లాగేసింది. తలుపు వేసుకుంది.


రోజు 49. నేల లెక్క 29.

గడప తీశారు. పొడుగాటి గడ్డపారలతో, కొద్ది నిమిషాలకొకళ్ళు చొప్పున మారుతూ. బావ అందరికంటే ముందు దిగాడు. "నా సేత్తో పెట్టించినాను, నా సేత్తోనే తీత్తాను" అన్నాడు. వంతు అయిపోయినా పక్కకి రాకపోతే నేను అరిచాను. కొత్త కొలిమి ఆర్పేశారు. ఆయన అటు వైపు చూడకుండా ఇంటికి పోయాడు.

గడప, గంట, ఉయ్యాల, కంచాలు అన్నీ పాత రాతి క్వారీలో వేసి చుట్టూ కంచె కట్టాం. ఆ గుట్ట దగ్గర మీటరు చిటుకులు విడివిడిగా వినపడవు.


రోజు 63. నేల లెక్క 30.

ధాన్యం పడవలు పదికి నాలుగే వచ్చాయి. ఒక పూట గంజి. కొండ నుంచి అడ్డాకులు కోసుకొచ్చి విస్తళ్ళు కుట్టుకుని తింటున్నాం. మునిగిన నగరం నుంచి తిరిగొచ్చిన లింగరాజు, ఆ గుండు దొరికిన ఆసుపత్రి గోడ మీద ఎర్ర రంగు పూసి వచ్చాడు, ఇంకెవరూ దిగకుండా. బిడ్డని ఒళ్ళో పెట్టుకుని దాని కాళ్ళు చేతులు గంటసేపు చూశాడు.

కానీ ఇప్పుడు మరో జబ్బు పట్టింది ఊరికి. మా బిడ్డే మైల అంటున్నారు. ఉయ్యాల్లో అన్ని రోజులుంది కదా, దానికీ అంటుకుందట. నీలమ్మ పిల్లలు మా అరుగు ఎక్కడం లేదు. కనకం నీళ్ళకెళ్తే పక్కకి జరుగుతున్నారు. అలా అంటదు, ఎండలో నిలబడిన మనిషి నీడలోకొచ్చాక ఎండ చిమ్మడు కదా అని చెప్తూనే ఉన్నాను. ఎవరు వింటారు? నిప్పుకి మైల పోతుందని వాళ్ళతో పాటు నమ్మిన దాన్నే కదా నేను.


రోజు 105. నేల లెక్క 30.

ఇవాళ పేరు పెట్టాం. పిలిస్తే ఊరు వచ్చింది, కానీ వాకిట్లోనే నిలబడింది. బిడ్డని మొదట ఒళ్ళోకి తీసుకోవాల్సింది బయటి మనిషి. ఎవరూ ముందుకి రాలేదు. కనకం ముఖం చూడలేకపోయాను.

మీటరు తెచ్చాను. అందరి ముందు నేల మీద పెట్టాను. ముప్పై. బిడ్డ పొట్ట మీద పెట్టాను. అందరూ చిటుకులు లెక్కపెట్టారు. ముప్పై. కావాలంటే మీరే పెట్టి చూసుకోండి అన్నాను. నీలమ్మ వచ్చి మీటరు అందుకుని తనే పెట్టి చూసింది. ఈలోగా అసిరమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"ఒలమ్మో, సంత సరుక్కి కూడా ఇన్నిసార్లు పెట్టరే మీటరు! ఇలాగియ్యండి గుంటని!" అని లాక్కుని ఒళ్ళో వేసుకుంది. బిడ్డ దాని చీర తడిపింది. అందరూ నవ్వారు. నీలమ్మ ఏడ్చింది. పేరు నాగావళి.

అందరూ వెళ్ళాక కనకం అడిగింది.

"ముప్పైయే కదా అమ్మా. ఇంకేటీ కాదు కదా?"

పదకొండేళ్ళుగా ఏది అడిగినా నా దగ్గర అంకె ఉండేది. మీటరు ఇప్పుడు ఉన్నదే చెప్తుంది. ఆ ఇరవై ఎనిమిది రోజుల్లో ఒంట్లోంచి ఏమేమి దూసుకుపోయిందో, లోపల ఏం చేసి పోయిందో చెప్పదు. ఏమీ కాకపోవచ్చు. పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో కావచ్చు. తెలీదమ్మా అన్నాను. అది చాలాసేపు నా భుజం మీద తల పెట్టుకుని ఉంది.

గేటుకి రేపటి నుంచి వేరే మనిషి. నేనే నేర్పాను, లోపలిదైనా బయటిదైనా అన్నిటికీ మీటరు పెట్టమని, నేల లెక్క రేవు మెట్ల మీదే తియ్యమని. ఈ చివరి పేజీ గేటుది కాదు. చింపొద్దని చెప్పాను.

నాగావళీ, నీకు చదవడం వచ్చాక ఇది చదువు. నువ్వు పుట్టిన రోజు నుంచి ఇరవై ఎనిమిది రోజులు మైల ఇనుప ఉయ్యాల్లో పడుకున్నావు. రోజుకి ఇరవై గంటల దాకా. తల దగ్గర లెక్క 310, నేల లెక్క 29. ఏ ఊరి వైద్యుడి దగ్గరికెళ్ళినా ముందు ఈ అంకెలు చూపించు, వాళ్ళకి పనికొస్తాయి. ఏడాదికి ఒకసారి రక్తం చూపించుకో. బాగానే ఉన్నాను కదా అని మానకు. మెడ దగ్గర చిన్న గడ్డ తగిలినా, ఊరికే నీరసం వచ్చినా, ఆగకుండా వెళ్ళు. మీ అమ్మ నిన్ను ఉయ్యాల్లోంచి తియ్యకపోవడం ప్రేమతోనే, దాన్ని ఎప్పుడూ ఏమీ అనకు. ఇన్ని పరీక్షలెందుకని ఎవరైనా అడిగితే, ఉయ్యాలకి ముద్ర వేసింది మా అమ్మమ్మే అని చెప్పు. నన్ను కాపాడాలని చూడకు. తప్పు నాది, ఒళ్ళు నీది.

మొదటిసారి రక్తం చూపించుకోవాల్సిన రోజు వచ్చే ఏడాది వానలకి ముందు. నేనుంటే నేనే తీసుకెళ్తాను.